గానుగ వేరుశెనగ నూనెలో ఏ ఆకు, ఏ సారం వేస్తే ముక్కిన వాసన రాకుండా ఉంటుంది?

గానుగ_కదిరి
శ్రీసత్యసాయి జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. కదిరి దగ్గర చిన్న చెక్క గానుగ నడుపుతున్నాను. ఆడించిన వేరుశెనగ నూనెను డ్రమ్ములో రెండు రోజులు తేరనిచ్చి, మడ్డి దిగాక జల్లెడలో వడగట్టి, లీటరు సీసాల్లోనూ పదిహేను కిలోల డబ్బాల్లోనూ నింపి అమ్ముతాము. రసాయనాలేవీ కలపలేదని సీసా మీద రాసుకున్నాము, ఆ మాట నిలబెట్టుకుంటున్నాము కూడా.

రెండు నెలలు దాటాక నూనె వాసన మారుతోందని ఈ వేసవిలో నలుగురు వాడుకదారులు ఫోను చేశారు. అందులో ఒకరి దగ్గర నుంచి సీసా వెనక్కి తెప్పించుకొని మూత తీసి చూశాను. వేరుశెనగ కమ్మదనం పూర్తిగా పోయి, గోడలకు వేసే రంగు డబ్బా మూత తీసినట్టు వాసన వచ్చింది. అదే రోజు ఆడించిన నూనె మా ఇంట్లో స్టీలు క్యానులో ఉంది, దానికి ఇంత వాసన లేదు.

సీసాకొక కరివేపాకు రెబ్బ వేయమని పక్క ఊరి గానుగాయన అంటున్నాడు. లవంగాలు వేయమని ఇంకొకరు అంటున్నారు. డబ్బాకు చిటికెడు తెల్లపొడి వేస్తే ఏడాదైనా చెక్కుచెదరదని ఒక వ్యాపారి చెప్పాడు, దానికి నేను ఒప్పుకోలేదు. మొక్కల నుంచి వచ్చే యాంటీఆక్సిడెంట్లలో నాలాంటి చిన్న గానుగకు పనికొచ్చేది ఏది, కిలోకు ఎంత వేయాలి, రుచి మారుతుందా అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

తైలశాల
విశ్రాంత రసాయన విశ్లేషకుడు

కదిరి గారూ, ఏ ఆకు వేయాలన్నది తేలాలంటే నూనె ఏ దారిన చెడుతోందో ముందు తేలాలి. నూనె ముక్కడానికి దారులు రెండు. తేమ, ఎంజైములు కలిసి కొవ్వును విడగొట్టి కొవ్వు ఆమ్లాలను విడిగా వదలడం మొదటిది, దీన్ని ఆమ్ల విలువగా కొలుస్తాము. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కొవ్వు ఆమ్లాల్లో జంట బంధాల పక్కన చేరడం రెండవది. మీ సీసాలోని రంగు డబ్బా వాసన ఈ రెండవ దారిది.

ఆ రెండవ దారి వరిగడ్డి వామికి నిప్పంటుకున్నట్టు నడుస్తుంది. వెలుతురు వల్లనో, వేడి వల్లనో, లోహం తగలడం వల్లనో ఒక కొవ్వు ఆమ్లం తన హైడ్రోజన్‌ను పోగొట్టుకొని రాడికల్ అవుతుంది. అది ఆక్సిజన్‌ను పట్టుకొని పక్కనున్న కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. పోగొట్టుకున్నది తన పక్కదాని మీద పడుతుంది. ఇలా పుట్టే హైడ్రోపెరాక్సైడ్లకు వాసన లేదు. అవి విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు అయినప్పుడే ముక్కుకు తెలుస్తుంది. అంటే వాసన వచ్చేనాటికి పని చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

యాంటీఆక్సిడెంట్ తన హైడ్రోజన్‌ను తానే ఇచ్చి ఈ గొలుసును మధ్యలో తెంచుతుంది. ఇస్తూ ఇస్తూ అది ఖర్చవుతుంది. ఖర్చయ్యేదాకా నూనె నిలకడగా ఉంటుంది, అయిపోయిన తరువాత చాలా తొందరగా చెడుతుంది. అందువల్ల ఇప్పటికే సగం ముక్కిన నూనెకు ఎంత ఖరీదైన సారం కలిపినా అది తిరిగి మంచి నూనె కాదు. వేయదలచినది ఏదైనా ఆడించిన రోజే, నూనె తేరిన వెంటనే వేయాలి.

ఇంతకంటే ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. గింజలు ఎన్నాళ్ళు నిల్వ ఉన్నవి? పగిలినవి, పొట్టు ఊడినవి ఏరి పారేస్తున్నారా? డ్రమ్ము ఏ లోహానిది, కుళాయి దేనిది, జల్లెడ దేనితో చేసినది? సీసాలు అంగడిలో ఎక్కడ పెడుతున్నారు? వాటి మెడలో ఎంత ఖాళీ వదులుతున్నారు? ఒకే రోజు నూనె స్టీలు క్యానులో బాగుండి సీసాలో చెడిందన్నారు కాబట్టి నా అనుమానం గింజల మీద కంటే వీటి మీదనే ఎక్కువగా ఉంది.

గోదారి_పచ్చళ్ళు
రాజమహేంద్రవరం

కదిరి గారికి నమస్కారం. నేను చదువుకున్న శాస్త్రం తక్కువ గానీ, ముప్పై ఏళ్ళుగా పచ్చళ్ళు పట్టి అమ్ముతున్నాను. మా వైపు ఆవకాయకు పప్పునూనె తప్ప మరొకటి వేయరు. పప్పునూనె అంటే నువ్వుల నూనే, ఇతర జిల్లాల వారి కోసం చెబుతున్నాను. ఒక ఏడు పప్పునూనె ధర బాగా పెరిగిందని సగం జాడీలకు పొద్దుతిరుగుడు నూనె పోశాను. ముక్క, కారం, ఉప్పు, ఆవపిండి అన్నిటికీ ఒకటే. సంక్రాంతి నాటికి పప్పునూనె జాడీలు ఎప్పటిలాగే ఉన్నాయి, రెండో రకం జాడీల్లో పైకి తేలిన నూనెకు కనరు వచ్చింది. ఆ నూనె ఒంపి పారబోసి, పచ్చడిని పనివాళ్ళకు కూడా ఇవ్వలేక నష్టానికి వదులుకున్నాను.

అలాగే వెన్న కాచేటప్పుడు దించే ముందు తమలపాకో, మునగాకో వేయడం మా అత్తగారి అలవాటు. వాసన కోసమేనని అనుకునేదాన్ని. అలా కాచిన నెయ్యి నిల్వకు బాగుంటుందని తరువాత గమనించాను. ఇవి నూనెకు కూడా పనికొస్తాయేమో తైలశాల గారు చెప్పాలి.

తైలశాల

అమ్మా, మీ జాడీల కంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. కొవ్వు ఆమ్లాల లెక్క మాత్రమే చూస్తే నువ్వుల నూనె అంతకాలం నిలవకూడదు, ఎందుకంటే తొందరగా ఆక్సీకరణ చెందే లినోలిక్ ఆమ్లం దానిలో నూటికి నలభై పాళ్ళకు పైగా ఉంటుంది. దాన్ని కాపాడేది నూనెలో కొద్దిపాటిగానే ఉండే సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నాన్లు (మొక్కల్లో పుట్టే ఒక రకం పదార్థాలు), వాటితోపాటు విటమిన్ ఇ కుటుంబపు గామా టోకోఫెరాల్. నువ్వులను వేయించినప్పుడు సెసమోలిన్ కొంత విరిగి సెసమాల్ అవుతుంది. హైడ్రోజన్ ఇవ్వడంలో సెసమాల్ చాలా చురుకైనది. దోరగా వేయించి ఆడించిన నువ్వుల నూనె పచ్చి నువ్వుల నూనె కంటే ఎక్కువ కాలం ఉండటానికి కారణం ఇదే.

పక్క మాట ఒకటి. మన దేశంలో వనస్పతిలో కనీసం ఐదు శాతం నువ్వుల నూనె ఉండాలన్న నియమం ఉంది. అది నిల్వ కోసం పెట్టినది కాదు. నెయ్యిలో ఎవరైనా వనస్పతి కలిపితే పట్టుకోవడానికి పెట్టినది. నువ్వుల నూనె ఉన్న కొవ్వుకు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్ కలిపి కుదిపితే గులాబీ ఎరుపు రంగు వస్తుంది. బాడౌయిన్ పరీక్ష అంటారు. ఆ రంగుకు మూలం కూడా ఈ సెసమాల్ కుటుంబమే. కల్తీని పట్టించే అణువు, మీ ఆవకాయను కాపాడే అణువు ఒకే ఇంటివి.

నెయ్యిలో ఆకు సంగతి వేరు, ఎందుకంటే అక్కడ ఆకును నూరు డిగ్రీలు దాటిన వేడిలో వేస్తారు. దానిలోని నీరంతా చిటపటలాడి ఆవిరైపోతుంది, యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే ఫినాలిక్ పదార్థాలు కొన్ని కొవ్వులోకి దిగుతాయి, ఆకును తీసిపారేస్తారు. సీసాలో పచ్చి రెబ్బ వేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని. కరివేపాకులో మూడింట రెండు వంతులు నీరే, ఆ నీరు నూనెలోకి వస్తుంది. పైగా ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్ వెలుతురు తగిలితే ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందించి సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుస్తుంది. సాధారణ ఆక్సిజన్‌తో పోలిస్తే అది లినోలిక్ ఆమ్లం మీద వెయ్యి రెట్లకు పైగా వేగంగా దాడి చేస్తుంది. చీకట్లో ఉన్నంతసేపు కరివేపాకు మేలు చేస్తుంది. అంగడి అద్దాల వెనుక ఎండలో అదే ఆకు నూనెకు శత్రువవుతుంది. కరివేపాకులో మహానింబిన్ వంటి కార్బజోల్ ఆల్కలాయిడ్లు మంచి యాంటీఆక్సిడెంట్లే, కాదనను. వాటిని నూనెలోకి తెచ్చే పద్ధతి సీసాలో రెబ్బ ముంచడం మాత్రం కాదు.

సారం_సంగతి
ఆహార సాంకేతిక విద్యార్థిని, హైదరాబాద్

తైలశాల గారి మాటకు కొంత చేరుస్తాను. మొక్కల యాంటీఆక్సిడెంట్ అనగానే అన్నీ నూనెకు పనికొస్తాయని అనుకోవడం మా తరగతిలోనూ ఉన్న పొరపాటే. ఉసిరి, కరక్కాయ, తేయాకు వీటిలోని టానిన్లు, కాటెచిన్లు పరీక్షనాళికలో చాలా గొప్పగా పనిచేస్తాయి, కానీ నీటిలో కరిగే స్వభావం కలవి కాబట్టి నూనెలో కలవకుండా అడుగున పొడిగా కూర్చుంటాయి. ఉసిరిపొడి కలిపిన నూనె అని అమ్మేవారి సీసా అడుగు చూస్తే ఈ సంగతి కంటికే కనిపిస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ కొద్దిగా కరుగుతుంది గానీ నూనె రంగు మార్చేస్తుంది, వెలుతురుకు తానే తొందరగా విరిగిపోతుంది. లవంగంలోని యూజినాల్ నూనెలో చక్కగా కరుగుతుంది, పనిచేస్తుంది కూడా, అయితే దాని వాసన దాచలేనిది. లవంగం వాసన వచ్చే వేరుశెనగ నూనెతో పులిహోర పోపు ఎవరు వేస్తారు?

నూనెల పరిశ్రమలో నిజంగా వాడుకలో ఉన్నవి ప్రధానంగా రెండు. ఒకటి టోకోఫెరాళ్ల మిశ్రమం, అంటే విటమిన్ ఇ కుటుంబం. సోయా వంటి నూనెలను శుద్ధి చేసేటప్పుడు వాసన తీసే దశలో ఆవిరితోపాటు వెళ్ళిపోయే భాగం నుంచి దీన్ని వెనక్కి తీస్తారు. ఆల్ఫా రకం కంటే గామా, డెల్టా రకాలు నూనెల్లో బాగా పనిచేస్తాయి. ఆల్ఫా ఎక్కువైతే ఉల్టాగా ఆక్సీకరణను పెంచగలదు కూడా, కాబట్టి మందుల అంగడిలో దొరికే విటమిన్ ఇ గుళికలను కోసి నూనె డబ్బాలో పిండకండి. రెండవది రోజ్‌మేరీ ఆకు సారం. దానిలోని కార్నోసిక్ ఆమ్లం, కార్నోసాల్ రెండూ నూనెలో కరుగుతాయి. కార్నోసిక్ ఆమ్లం ఖర్చయినప్పుడు పుట్టేవాటిలో కార్నోసాల్ ఒకటి, అది కూడా యాంటీఆక్సిడెంటే. ఐరోపా సమాఖ్య 2010లో దీనికి ఇ 392 అనే సంఖ్య ఇచ్చి సంకలితంగా అనుమతించింది. వాసన తీసేసిన సారం విడిగా దొరుకుతుంది, వంట నూనెలకు అదే వాడాలి.

మోతాదు విషయంలో కొలత చాలా ముఖ్యం. కిలోకు 200 మిల్లీగ్రాములు వేయాలని సారం తయారీదారు చెప్పాడనుకుంటే పదిహేను కిలోల డబ్బాకు పట్టేది 3 గ్రాములే. దాన్ని నేరుగా డబ్బాలో పోసి కర్రతో తిప్పితే ఒక మూలన ఉండిపోతుంది. ముందు ఒక లీటరు నూనెను చేయి పెట్టలేనంత వేడి, అంటే అరవై డిగ్రీల దాకా వెచ్చచేసి, అందులో సారాన్ని పూర్తిగా కలిపి, ఆ నూనెను మిగిలినదానిలో పోసి తిప్పాలి. అంతకంటే ముందు, మీ ఉత్పత్తి వర్గానికి ఆ సంకలితం అనుమతించినదో కాదో ఆహార భద్రతా అధికార సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ జాబితాలో చూసుకొని, వేసినదాన్ని లేబుల్ మీద రాయాలి. ఆకు నుంచి వచ్చినా సరే, సారంగా కలిపినప్పుడు చట్టం దృష్టిలో అది సంకలితమే.

చేదునిజం

కదిరి గారు తెల్లపొడిని విషంలాగా తీసిపారేశారు కనుక ఆ పక్కన ఒక మాట చెప్పనివ్వండి. అది బహుశా నూనెలకు కలిపే కృత్రిమ యాంటీఆక్సిడెంట్ టీబీహెచ్‌క్యూ అయి ఉంటుంది. మన దేశంలో వంట నూనెలకు కిలోకు 200 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నదే. ఐరోపాలో నిషేధించారని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు, అక్కడ దానికి ఇ 319 అనే సంఖ్య ఉంది. జపాన్ అనుమతించలేదన్నది నిజం. ధర, బలం రెండిట్లోనూ రోజ్‌మేరీ సారం దానితో పోటీ పడలేదు. సహజం అన్నంత మాత్రాన సురక్షితం అని, కృత్రిమం అన్నంత మాత్రాన హానికరం అని అనుకోవడం శాస్త్రం కాదు.

తైలశాల

చేదునిజం గారూ, మీరు చెప్పిన వివరాలు సరైనవే, నేను పనిచేసిన చోట దాన్ని ఏళ్ళ తరబడి తూకం వేసి కలిపినవాణ్ణి. అయితే తూకం వేసి కలపడం వేరు, చిటికెడు వేయమనడం వేరు. 3 గ్రాములు ఎంతో చూపుడువేలుకూ బొటనవేలుకూ తెలియదు. దానికి తోడు ఈయన సీసా మీద ఒక మాట రాసుకున్నారు. దాన్ని తప్పకుండా నూనె నిలిచే దారి ఉందా అన్నదే ప్రశ్న, ఉందని నా అభిప్రాయం.

గానుగ_కదిరి

అందరికీ కృతజ్ఞతలు. తైలశాల సార్ అడిగిన వాటికి సమాధానాలు. గింజలు అప్పటికి నాలుగు నెలలు గోతాముల్లో ఉన్నవి. పుచ్చులు ఏరుతాము గానీ పగిలిన బద్దలను వదిలేస్తాము, అవి కూడా నూనె ఇస్తాయి కదా అని. డ్రమ్ము స్టీలుది. కుళాయి, జల్లెడ మాత్రం ఇత్తడివి. మా నాన్నగారి కాలం నుంచి ఉన్నవి, ప్రతి దసరాకు చింతపండు పెట్టి తోమి తళతళలాడిస్తాము. ఇంటి క్యానుకు నూనె డ్రమ్ము పైనుంచి గరిటెతో తోడుకున్నాము, సీసాలకు మాత్రం కుళాయి కింద నింపాము. ఇది రాస్తుంటే నాకే ఏదో తడుతోంది. సీసాలు రోడ్డు వైపు అరల్లో వరుసగా పెడతాము, రంగు కనపడాలని. మెడలో నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటుంది.

తైలశాల

మీకు తట్టినదే సరైనది. ఇత్తడిలో సగానికి పైగా రాగి ఉంటుంది. వంట నూనెను చెడగొట్టే లోహాల్లో రాగిని మించినది లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో శుద్ధి చేసిన నూనెలో ఇనుము కిలోకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, రాగి మాత్రం 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. శుద్ధి చేయని నూనెలకు ఆ హద్దులు 5, 0.4. రాగి అయాన్ హైడ్రోపెరాక్సైడ్‌ను విరగ్గొట్టి కొత్త రాడికల్‌ను పుట్టిస్తుంది. ఆ పనిలో తాను ఖర్చు కాదు, మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంటుంది. ఒక పక్క రాగి మంట పెడుతుంటే ఇంకో పక్క రోజ్‌మేరీ నీళ్ళు చల్లడం డబ్బు దండగ. చింతపండుతో తోమడం వల్ల పైపొర పోయి ప్రతిసారీ కొత్త లోహం బయటపడుతుంది. మన పెద్దలు రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయించింది ఊరికే కాదు.

కుళాయి, జల్లెడ రెండూ స్టీలువి పెట్టండి. పగిలిన బద్దలను ఈసారి వేరుగా ఆడించి పశువుల దాణాకో, సబ్బులకో పంపండి. బద్దలో పొర చిరిగి గింజలోని ఎంజైములు, గాలి, కొవ్వు ఒకచోట చేరతాయి. ఆ నూనె గానుగలోకి వెళ్ళకముందే సగం ముక్కి ఉంటుంది. సీసా మెడ దాకా నింపండి, అర మార్చండి.

మీ వేరుశెనగలో దానిదైన టోకోఫెరాల్ ఇప్పటికే ఉంది, శుద్ధి చేయలేదు కాబట్టి పోలేదు. దాన్ని ఊరికే ఖర్చు కానివ్వకుండా చూడటమే మీరు చేయగలిగిన మొదటి సహజ చికిత్స. వచ్చే పంటకు వీలైతే ఒలీక్ ఆమ్లం ఎక్కువున్న రకాలు గిర్నార్ 4, గిర్నార్ 5 విత్తనం కోసం అడిగి చూడండి. జునాగఢ్‌లోని వేరుశెనగ పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తెచ్చినవి. మామూలు వేరుశెనగ నూనెలో సగం దగ్గర ఉండే ఒలీక్ ఆమ్లం వీటిలో నూటికి ఎనభై పాళ్ళ దాకా ఉంటుంది. లినోలిక్ ఆమ్లం ఒలీక్ కంటే పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి ఆ తేడా నిల్వలో స్పష్టంగా కనిపిస్తుంది.

సకినాల_బట్టీ
కరీంనగర్

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను పిండివంటల అంగడి నడిపిస్తున్నాను. మా దగ్గర సమస్య సీసాది కాదు, మూకుడుది. సకినాలు, గారెలు, సర్వపిండి అన్నీ పల్లీ నూనెలోనే. ఈ సారం కలిపితే ఒకే నూనెను ఇంకొక రోజు ఎక్కువ వాడుకోవచ్చునా? తవుడు నూనె అయితే నురగ తక్కువ వస్తుందని ఒకరు చెప్పారు, అది నిజమేనా?

సారం_సంగతి

అన్నగారూ, మూకుడులో లెక్క వేరు. 180 డిగ్రీల దగ్గర పిండిలోని నీరు ఆవిరై నూనెను విడగొడుతుంది, గాలి ఆక్సీకరణ చేస్తుంది, వేడి కొవ్వు అణువులను ఒకదానికొకటి అతికిస్తుంది. నురగ, జిగురు, మూకుడు అంచున పట్టే గోధుమరంగు పొర అన్నీ ఆ మూడో పనివే. చాలా యాంటీఆక్సిడెంట్లు ఆ వేడికి కొంత ఆవిరితో లేచిపోతాయి, మిగిలినవి కొద్ది గంటల్లో ఖర్చవుతాయి. రోజ్‌మేరీ సారం, సెసమోలిన్ కొంత మెరుగ్గా నిలుస్తాయి. సెసమోలిన్ అయితే వేడికి సెసమాల్‌గా మారి అప్పుడే పని మొదలుపెడుతుంది.

తవుడు నూనెలో ఓరిజనాల్ అనే సహజ యాంటీఆక్సిడెంట్ ఉంటుంది, ముడి నూనెలో ఒకటి నుంచి రెండు శాతం దాకా. వేయింపులకు బాగుంటుందన్న పేరు దానికి ఉత్తగా రాలేదు. అయితే క్షారంతో శుద్ధి చేసినప్పుడు ఓరిజనాల్‌లో చాలా భాగం సబ్బు మడ్డిలోకి పోతుంది, ఆవిరితో ఆమ్లాలను తీసే భౌతిక శుద్ధిలో ఎక్కువగా నిలుస్తుంది. డబ్బా మీద ఓరిజనాల్ ఎంత ఉందో రాసి ఉంటే చూసి కొనండి.

ఇక ఇంకొక రోజు సంగతి. 2018 జూలై 1 నుంచి మన దేశంలో వాడిన నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు, అంటే వేడికి నూనె చెడి పుట్టేవి, 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదు. ఆ హద్దుకు చేరే వేగాన్ని సారం కొంచెం తగ్గించవచ్చు గానీ హద్దును జరపలేదు. దీన్ని కొలిచే చేతి మీటర్లు ఉన్నాయి, మీ స్థాయి అంగడికి అది సారం కంటే ముందు కొనదగినది. రాత్రి పొయ్యి ఆర్పగానే నూనె వడగట్టడం, నల్లని పిండి రేణువులు ఉంచకపోవడం, మూత పెట్టడం, ఉప్పు మూకుడు మీద కాకుండా దించిన తరువాత చల్లడం, వీటివల్ల వచ్చే లాభమే పెద్దది.

సకినాల_బట్టీ

మా అమ్మ సకినాల పిండిలో నువ్వులు దండిగా వేయాలనేది, తక్కువ వేస్తే తిట్టేది. నిల్వ ఉన్న సకినాలకు ముక్కిన వాసన రాకపోవడంలో ఆ నువ్వులకు కూడా భాగం ఉండి ఉంటుందా?

తైలశాల

ఉండటానికి అవకాశం ఉంది, లిగ్నాన్లు నూనెలోకి దిగే పదార్థాలే. వాము కూడా వేస్తారు కదా, దానిలోని థైమాల్ సైతం ఫినాలే. ఎంత భాగం అన్నది కొలవకుండా చెప్పలేము. నువ్వులు వేసినవి, వేయనివి రెండు డబ్బాల్లో పెట్టి నెల తరువాత వాసన చూసి ఇక్కడ రాయండి.

ఎడిసన్_వంటిల్లు
న్యూజెర్సీ

అమెరికాలో ఉంటూ ఊరి పచ్చళ్ళ మీద బతికేవాళ్ళలో నేనొకదాన్ని. ఈ చర్చ చదివి ఒక హెచ్చరిక చేయాలనిపించింది. నూనెలో పచ్చి వెల్లుల్లి రేకలు వేసి బయట ఉంచితే నిల్వకు మంచిదని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు, దయచేసి ఎవరూ చేయకండి. నూనె అడుగున గాలి ఉండదు, వెల్లుల్లిలో తేమ ఉంటుంది, పులుపు ఉండదు. బొటులిజం కలిగించే క్లాస్ట్రీడియం అలాంటి చోటనే పెరుగుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో నూనెలో నిల్వ ఉంచిన వెల్లుల్లి వల్లనే ఆ జబ్బు వచ్చింది. వాసన చూసి దాన్ని కనిపెట్టలేము. మన ఆవకాయలో వెల్లుల్లి ఉన్నా ప్రమాదం లేకపోవడానికి కారణం మామిడి పులుపు, ఉప్పు. ఆ రెండూ లేని నూనె సీసాలో పచ్చి ఆకు, పచ్చి రేక ఏదైనా సరే భయపడవలసిందే.

గోదారి_పచ్చళ్ళు

మంచి మాట చెప్పారమ్మా. కదిరి గారూ, నాకు మరొకటి తోచింది. మీ వేరుశెనగ నూనెలో పదికి ఒక పాలు మా పప్పునూనె కలిపితే బయటి సారాలు ఏవీ అక్కరలేదు కదా?

సారం_సంగతి

ఇంట్లో వాడుకోవడానికి చక్కగా కలుపుకోవచ్చునమ్మా. అమ్మకానికి మాత్రం చిక్కు ఉంది. రెండు నూనెలు కలిపి అమ్మాలంటే మొత్తం బరువులో ఒక్కో నూనె కనీసం 20 శాతం ఉండాలి, మూతవేసిన ప్యాకింగులోనే అమ్మాలి. పదికి ఒక పాలు కలిపి వేరుశెనగ నూనె అని అమ్మితే ఉద్దేశం ఎంత మంచిదైనా అది కల్తీ కిందకే వస్తుంది.

గానుగ_కదిరి

ఏడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. కుళాయి, జల్లెడ మార్చి, బద్దలు ఏరి, ఒకే రోజు ఆడించిన నూనెతో ఆరు లీటరు సీసాలు నింపాను. ఒకటి ఏమీ వేయకుండా మెడ దాకా నింపి చీకటి గదిలో, ఒకటి అలాగే నింపి రోడ్డు వైపు అరలో పెట్టాను. కరివేపాకు రెబ్బలు వేసినవి రెండు, ఒకటి చీకట్లో, ఒకటి వెలుతురులో. ఐదవదానిలో ఐదో వంతు వేయించిన నువ్వుల నూనె కలిపి వెలుతురులో ఉంచాను. ఆరవది పాత ఇత్తడి కుళాయి ద్వారానే నింపి, చీకట్లో పెట్టాను. పైన రేకుల షెడ్డు, మధ్యాహ్నం లోపల నిలబడలేనంత వేడి. సీసాల మీద పేర్లకు బదులు అడుగున అంకెలు వేసి, మా ఆవిడ, పనిచేసే ఇద్దరు అమ్మాయిలు, ఎదురింటి మేష్టారు నలుగురి చేత విడివిడిగా వాసన చూపించాను.

నలుగురూ అన్నిటికంటే ముందు పక్కన పెట్టేసినది వెలుతురులో ఉన్న కరివేపాకు సీసా. ఆకు గోధుమరంగుకు తిరిగింది, అడుగున నీటి బొట్లు పేరుకున్నాయి, మూత తీయగానే మేష్టారు ముఖం తిప్పుకున్నారు. రెండవ చెడ్డది ఇత్తడి కుళాయి సీసా, అది చీకట్లో ఉన్నా సరే. ఏమీ వేయని వెలుతురు సీసా మూడవది. నువ్వులు కలిపినది వెలుతురులో ఉండి కూడా బాగానే ఉంది, కాకపోతే నువ్వుల వాసన దానిని పట్టిచ్చింది. చీకట్లో మిగిలిన రెంటిలో ఏది మేలో నలుగురికీ ఒకే మాట రాలేదు. మా ఆవిడ కరివేపాకుదే బాగుందన్నది, పనిచేసే అమ్మాయిలు ఏమీ వేయనిదే అసలు వేరుశెనగ వాసన అన్నారు.

తైలశాల

నలుగురి ముక్కులు చాలా మంచి పరికరాలు, అయినా ముక్కుకు అందని హైడ్రోపెరాక్సైడ్ల కోసం చీకటి సీసాలు రెంటినీ పెరాక్సైడ్ విలువకు పంపండి. శుద్ధి చేయని నూనెకు కోడెక్స్ హద్దు కిలోకు 15 మిల్లీ ఈక్వివలెంట్లు. అనంతపురంలో జేఎన్‌టీయూ కింద నూనెల సాంకేతిక పరిశోధన సంస్థ మీకు దగ్గరలోనే ఉంది, అక్కడ అడిగి చూడండి. ఇత్తడి సీసాను కూడా పంపండి, కానీ దాని అంకె తక్కువ వస్తే సంతోషించకండి. బాగా ముదిరిన నూనెలో పెరాక్సైడ్లు విరిగిపోయి ఆ విలువ తిరిగి పడిపోతుంది, అప్పుడు విరిగి పుట్టిన ఆల్డిహైడ్లను కొలిచే అనిసిడిన్ విలువ కూడా చేయించాలి.

గానుగ_కదిరి

సోమవారం మూడు సీసాలూ పట్టుకొని వెళ్తున్నాను సార్. రోడ్డు వైపు అరలో ఇప్పుడు ఖాళీ సీసాల్లో రంగు నీళ్ళు పోసి పెట్టాము, నూనె లోపలి గదిలో ఉంది. ఒక ముసలాయన నిన్న వచ్చి, ఆ రంగు నీళ్ళ సీసానే చూపించి ధర అడిగాడు. ఇత్తడి జల్లెడను పారేయడానికి మా అమ్మ ఒప్పుకోలేదు, దేవుడి గది గుమ్మానికి తగిలించింది.